డార్విను పావురములు

పావురము మనకు క్రొత్త పక్షి కాదు. దేవాలయ గోపురములపైనను, పాత కోటగోడల తొఱ్ఱలయందును, పట్టణములలోని మేడల చూరుల క్రిందను నీలిబూడిద వన్నెగల పావురములు గుంపులుగా నివసించుచుండుట మీరెల్లరును చూచియే యుందురు. వాని ఱెక్కలపై రెండు నల్లని చారలుండును. తోక చివర నొక నల్లని పట్టె యుండును. ఈ చారలకును, ఒక మహాశాస్త్రజ్ఞుని కీర్తికిని సంబంధము కలదని చెప్పినచో చదువరులకు వింతగా తోచవచ్చును. ఆ శాస్త్రజ్ఞుడు ఛార్లెస్ డార్విను. జీవజాతుల పుట్టుకను గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము పేరైనను విననివారు నేడు అరుదు. కాని ఆ గ్రంథము వెలువడుటకు ముందు ఆయన మూడేండ్లపాటు తన పెరటిలో పావురములను పెంచెనన్న సంగతి అంతగా ప్రచారములోనికి రాలేదు.

డార్విను 1809 వ సంవత్సరము ఫిబ్రవరి 12 వ తేదీన ఇంగ్లండు దేశమునందలి ష్రూస్‌బరీ పట్టణమున జన్మించెను. తండ్రి రాబర్టు డార్విను పేరుపొందిన వైద్యుడు. తల్లి సుసన్నా పింగాణీ పాత్రల పరిశ్రమచే ప్రఖ్యాతి గాంచిన వెడ్జ్‌వుడ్డు వంశమునకు చెందినది. ఆమెకు పావురములనిన మక్కువ యనియు, ఆమె యింట పెరిగిన పక్షులు అందమునకును, సాధుత్వమునకును ఆ యూర పేరుపడినవనియు చెప్పుదురు. డార్వినుకు ఎనిమిదేండ్ల ప్రాయముననే ఆమె కన్నుమూసెను. తల్లిని గూర్చి ఆయనకు మిగిలిన జ్ఞాపకములు మిక్కిలి కొలది.

బాల్యమున డార్విను బడిచదువులో ముందున్నవాడు కాడు. పురుగులు, గవ్వలు, రాళ్ళు, పక్షుల గ్రుడ్లు, ఏది కనబడిన దానిని ఏరి తెచ్చి పేర్చుకొనుటయే ఆయనకు వేడుక. అయినను గ్రుడ్ల విషయమున ఒక నియమము పాటించెడివాడు. గూటినుండి ఒక్క గ్రుడ్డుకంటె నెక్కువ తీసికొనెడివాడు కాడు. సెల్బోర్ను అను గ్రామమందలి ప్రకృతిని వర్ణించి గిల్బర్టు వైటు వ్రాసిన గ్రంథము చదివిన పిమ్మట పక్షుల అలవాట్లను కనిపెట్టి చూచుటయందు ఆయనకు ఆసక్తి హెచ్చెను. ప్రతి పెద్దమనుష్యుడును పక్షిశాస్త్రజ్ఞుడు కాక ఎట్లుండగలడో ఆ బాలునికి అర్థము కాలేదట!

తండ్రి ఆయనను వైద్యవిద్యకై 1825 లో ఎడింబరోకు పంపెను. ఆ కాలమున మత్తుమందు లేదు. స్పృహలో నున్న రోగికి, అందునను ఒక పసివానికి, శస్త్రచికిత్స జరుగుట చూడలేక డార్విను ఆ గదినుండి వెలుపలికి పరుగెత్తెను. మరల అందు కాలు పెట్టలేదు. ఎడింబరోలో ఆయన ఇష్టపడి నేర్చినది మరియొకటి. గయానా దేశమునుండి వచ్చి, బానిసత్వమునుండి విముక్తుడై, ఆ నగరమున జీవించుచుండిన జాన్ ఎడ్మన్‌స్టన్ అను నల్లజాతి పురుషునికి రుసుము చెల్లించి, చనిపోయిన పక్షుల చర్మములను చెడకుండ భద్రపఱచు విద్యను ఆయన వద్ద అభ్యసించెను. ఆ విద్య తరువాత డార్వినుకు ఎంత యక్కఱకు వచ్చెనో ముందు తెలియగలదు.

వైద్యము వదలి కేంబ్రిడ్జి చేరిన నాటికి డార్వినుకు తుపాకివేటయే ప్రాణము. కాని ఒకనాడు, క్రిందటి దినమున గుండు దెబ్బ తిని చావక నేలపై కొట్టుకొనుచుండిన యొక పక్షి ఆయన కంటబడెను. ఆ దృశ్యము ఆయన మనస్సును కలచివైచెను. వేట ఆనాడే మానెనని చెప్పుట సత్యము కాదు. అయినను ఆ పక్షిని ఆయన మరువలేకపోయెను. ఈ విషయము గుర్తుంచుకొనదగినది, ఏలయన పావురముల కథలో ఇట్టి బాధయే ఆయనకు మరల ఎదురయ్యెను.

1831 డిసెంబరు 27 న బీగిల్ అను నౌకలో బయలుదేరి, దాదాపు ఐదేండ్లు ప్రపంచమును చుట్టి, 1836 అక్టోబరులో డార్విను స్వదేశము చేరెను. ఆ యాత్రను గూర్చి పెద్ద గ్రంథములే కలవు గనుక ఇచ్చట విస్తరింప పనిలేదు. గాలపాగోస్ దీవులనుండి ఆయన తెచ్చిన చిన్న పక్షులను పరీక్షించి, అవి ముక్కులు వేఱైనను ఒకదానికొకటి దగ్గఱి చుట్టములని నిర్ణయించినవాడు జాన్ గూల్డు. ఈ గూల్డే 1840 లో ఆస్ట్రేలియానుండి చిన్న పచ్చని చిలుకలను ప్రాణములతో ఇంగ్లండుకు తెచ్చెను. నేడు మన పట్టణములందు పంజరములలో పెట్టి లవ్ బర్డ్స్ అను పేరుతో అమ్మెడి బడ్జెరిగర్లు ఆ జాతివే.

దీవికొక తీరున ముక్కులు మారిన ఆ పక్షులను చూచిన పిమ్మట డార్విను మనస్సున ఒక ఊహ బలపడెను. జీవజాతులు సృష్ట్యాదినుండి ఒకే రూపమున నిలిచియుండలేదు. అవి తరతరములకును కొంచెము కొంచెముగా మారుచు వచ్చినవి. పరిస్థితులకు తగిన గుణము గలది బ్రతికి సంతతిని నిలుపుకొనును; తగనిది నశించును. 1842 లో ఈ ఊహను కొలది పుటలలో వ్రాసి, 1844 లో దానిని పెంచి, ఒకవేళ తాను మరణించినచో ప్రకటింపవలసినదని భార్యకొక లేఖ వ్రాసి పెట్టి, ఆ ప్రతిని దాచివేసెను. అట్లు దాచుటకు కారణము భయము మాత్రమే కాదు. తగినన్ని ఋజువులు లేక పెద్ద మాట చెప్పుట ఆయన స్వభావము కాదు.

అప్పటికే ఆయన ఆరోగ్యము చెడియుండెను. కడుపునొప్పి, వాంతులు, నీరసము ఆయనను తఱచు మంచమున పడవైచెడివి. 1842 లో లండను విడిచి కెంటు మండలమునందలి డౌన్ అను గ్రామమున ఒక యింట కాపురము పెట్టి, జీవితాంతము అచ్చటనే యుండెను. భార్య ఎమ్మా ఆయన మేనమామ కుమార్తె. మన తెలుగునాట మేనరికము వింత కాదు. ఆ దంపతులు ఎంతో అన్యోన్యముగ జీవించిరి. వారికి పదుగురు బిడ్డలు కలిగిరి. వారిలో ముగ్గురు బాల్యముననే పోయిరి. పదేండ్ల కుమార్తె ఆనీ 1851 లో మరణించినప్పుడు తండ్రి పడిన దుఃఖము ఇంతింత యనరానిది. దగ్గఱి బంధుత్వము గల తల్లిదండ్రులకు పుట్టుటచేత బిడ్డలు బలహీనులైరేమో యను అనుమానము ఆయనను అప్పటినుండి కొఱుకుచునే యుండెను.

ఇట్లుండ పావురముల ప్రసక్తి ఎట్లు వచ్చెను?

అడవిలో జంతువులు మారుటకు వేలకొలది యేండ్లు పట్టును. దానిని కూర్చుండి చూచువాడెవ్వడు? కాని మనుష్యుడు పెంచు జంతువులయందు మార్పు మన కన్నుల యెదుటనే జరుగును. పాలు ఎక్కువ ఇచ్చు ఆవును ఏరి, దాని దూడను నిలుపుకొను రైతు తెలియకయే జాతిని మార్చుచున్నాడు. ఈ మార్పును స్వయముగ పరీక్షించుటకు ఏ జంతువు అనుకూలమని డార్విను ఆలోచించుచుండగా, వృద్ధుడైన విలియం యారెల్ అను పక్షిశాస్త్రజ్ఞుడు పావురములను పెంచి చూడుమని సలహా యిచ్చెను. అది తగిన సలహా. పావురములు ఏడాదికి పలుమార్లు పిల్లలను చేయును. ఒకమారు జతకూడిన జంట సామాన్యముగ విడిపోదు. అందుచే పలు జాతులను ఒకే యింట నుంచినను సంకరము కాకుండ కాపాడవచ్చును. కావలెననుకొన్నప్పుడు తానెంచిన మగదానిని, తానెంచిన ఆడుదానితో జతపఱుపనువచ్చును.

1855 వేసవినాటికి డౌన్ గృహమున పావురముల యిల్లు లేచెను. మొదట వచ్చినవి ఫాన్‌టెయిల్, పౌటర్ జాతుల జంటలు. ఫాన్‌టెయిల్ మన దేశమున లక్కా యని పిలువబడును. సామాన్య పావురము తోకలో పండ్రెండు ఈకలుండగా దీని తోకలో ముప్పదికి పైగా నుండి, విసనకఱ్ఱవలె విచ్చుకొనియుండును. పౌటరు తన గొంతు క్రింది మేతసంచిని గాలితో బుడగవలె ఉబ్బించి నిక్కి నడచును. క్రమముగ పల్టీలు కొట్టు టంబ్లరులు, తలచుట్టును ముసుగువంటి ఈకలు గల జాకోబినులు, ముక్కుపై పెద్ద కండలు గల క్యారియరులు, పొట్టిముక్కు బార్బులు, మిక్కిలి పెద్దవైన రంటులు వచ్చి చేరెను. ఇంగ్లండున దొరకిన ప్రతి జాతిని డార్విను సంపాదించెను.

పావురములను కొనుట సులభము. వానిని ఆరోగ్యముతో నిలుపుట వేఱు విద్య. పావురము గ్రుడ్లు రెండే పెట్టును. ఆడుది, మగది వంతులు వేసికొని పదునేడు, పదునెనిమిది దినములు వానిని పొదుగును. పిల్ల కన్నులు తెఱవని మాంసపుముద్దవలె పుట్టును. తొలిదినములలో తల్లిదండ్రులిరువురును తమ మేతసంచిలో ఊరు పాలవంటి పదార్థమును దాని నోటికందింతురు. ఈ పాలు తండ్రియు ఇచ్చుట పక్షులలో మిక్కిలి అరుదైన విశేషము. తరువాత నానిన గింజలు పెట్టును. పావురమునకు దంతములు లేవు. గట్టి గింజను నలుగగొట్టుటకు కడుపున చిన్న రాతి పలుకులుండవలెను. అందుచే బఠాణీలు, చిక్కుడు గింజలు, ధాన్యములతోపాటు ముతక ఇసుక, ఆలుచిప్పల పొడి, కొంచెము ఉప్పు అందుబాటులో నుంచుట పెంపకగాండ్రందరును ఎఱిగిన విషయము. త్రాగునీరు నిత్యము మార్చవలెను. స్నానమునకు వెడల్పాటి పళ్ళెములో వేఱుగా నీరు పెట్టవలెను. పావురము నీట మునిగి ఈకలు శుభ్రపఱచుకొననిచో పేలు పట్టును.

గూడు పొడిగా నుండవలెను, గాలి ఆడవలెను, ఈదురుగాలి మాత్రము నేరుగా తగులరాదు. పక్షులను క్రిక్కిరిసి యుంచినచో ఒకదాని రోగము అన్నింటికిని అంటును. క్రొత్తగా తెచ్చిన పక్షిని కొన్నివారములు విడిగా నుంచి చూచిన పిదపనే గుంపులో కలుపుట తెలివిగలవారి పద్ధతి. ఈకలు ఉబ్బించి, కన్నులు సగము మూసి, మూల నొంటరిగా కూర్చున్న పావురము నిద్రపోవుచున్నదని తలచుట పొరపాటు. అది తఱచు రోగలక్షణము. రెట్టను దినదినమును తీసివేయవలెను. ఎండిన రెట్ట దుమ్ము, ఈకల దుమ్ము పీల్చినచో పెంచువాని ఊపిరితిత్తులకును కీడు కలుగునని నేటి వైద్యులు చెప్పుదురు. కావున నేలను కొంచెము తడిపి ఊడ్చుటయు, ముక్కునకు గుడ్డ కట్టుకొనుటయు, పిమ్మట చేతులు కడుగుకొనుటయు మంచిది.

ఈ పనులన్నిటిని గ్రంథములనుండి నేర్చుట సాధ్యము కాదని డార్వినుకు త్వరలోనే తెలిసెను. అందుచే ఆయన లండనుకు పోయి పావురముల పెంపకగాండ్ర సంఘములలో సభ్యుడుగ చేరెను. వానిలో నొకటి ధనికులది. మరియొకటి సామాన్యుల గుంపు. ఆ సామాన్యులు సాయంకాలమున సారాయంగడి మేడపై చేరి, పొగగొట్టములు కాల్చుచు, ముక్కు పొడవును గూర్చియు ఈక రంగును గూర్చియు గంటలకొలది వాదించుకొనెడివారు. భూగోళమంతయు చుట్టివచ్చి, పండితసభలలో బహుమానములందిన డార్విను వారి ప్రక్కన బల్లపై కూర్చుండి శిష్యునివలె వినెడివాడు. పెద్ద పండితులు చెప్పజాలని సంగతులు వారు చెప్పిరి. రెండు పక్షుల నడుమ మనకు భేదమే కనబడనిచోట వారు భేదము పట్టగలిగిరి. ఆ సూక్ష్మభేదమును ఏరి, తరతరములకును పెంచుటచేతనే జాతి మారుచున్నదని డార్విను గ్రహించెను. విలియం టెగెట్‌మియర్ అను పెంపకగాడు ఆయనకు ఆప్తుడై, పక్షులను సంపాదించియిచ్చుచు, సందేహములు తీర్చుచు, ఏండ్లతరబడి ఉత్తరములు నడపెను.

మనుష్యుని ఈ ఎంపిక పక్షికి ఎల్లప్పుడును మేలు చేయదని కూడ డార్విను ఆ పెంపకగాండ్రవలననే తెలిసికొనెను. అందముకొఱకు పొట్టిముక్కు టంబ్లరు ముక్కును ఎంత పొట్టి చేసిరనగా, దాని పిల్లలు చాలవఱకు గ్రుడ్డు పెంకును పగులగొట్టుకొనలేక లోపలనే చనిపోయెడివి. యజమాని పెంకును మెల్లగ ఒలిచి పిల్లను వెలుపలికి తీయవలసి యుండెను. అట్లు పుట్టిన పిల్లను ముక్కు సరిగా నున్న వేఱొక జంటకు పెంపుడిచ్చి మేపించెడివారు. ఒకే కుటుంబపు పక్షులను చిరకాలము తమలో తాము జతపఱచినచో సంతతి బలహీనమగుననియు, అప్పుడప్పుడు బయటి రక్తము కలుపక తప్పదనియు వారు నొక్కి చెప్పిరి. ఈ మాట డార్విను చెవికి కేవలము పావురముల మాటగ వినబడియుండదు. మేనరికపు వివాహముల ఫలితములను లెక్కించుటకై 1871 జనాభా లెక్కలలో ఒక ప్రశ్న చేర్పింపవలెనని ఆయన మిత్రుని ద్వారా పార్లమెంటులో ప్రయత్నించెను; అది నెగ్గలేదు. తరువాత ఆయన కుమారుడు జార్జి ఆ లెక్కలను తన యత్నముచే సేకరించెను. ఆ అపాయము డార్విను భయపడినంత గొప్పది కాదని జార్జికి తోచెను. అయితే కొన్ని వంశపు రోగములు దగ్గఱి వివాహములవలన హెచ్చునని నేటి వైద్యశాస్త్రము ఎఱుగును.

ఇంటిలో పావురములపై అందఱికంటె మక్కువ పెంచుకొన్నది కుమార్తె హెన్రియెట్టా. అప్పుడామెకు పండ్రెండేండ్లు. తండ్రికి తక్కువ ప్రేమ కలదని కాదు. ఆయనకును వానిని చూచుచుండిన ప్రొద్దు తెలిసెడిది కాదు. భూగర్భశాస్త్రవేత్త యగు లయెల్ వంటి మహనీయుని ఇంటికి పిలుచుచు, తన పావురములను చూపుటకంటె గొప్ప విందు లేదని వ్రాసెను. కాని పరిశోధనకు వేఱొక ముఖమును కలదు. జాతులకు గల భేదములు ఈకలయందే కలవో, ఎముకలలోను కలవో తెలియవలెను. పిల్లలు పుట్టినప్పుడే భిన్నముగ నుండునో, పెరిగినకొలది మారునో తెలియవలెను. అందులకు పక్షులను చంపి, కొలిచి, ఎముకల గూళ్ళను తీయక తప్పదు.

1855 జూలైలో పదిదినముల ఫాన్‌టెయిల్ పిల్లను మొదటిసారిగ చంపవలసి వచ్చినప్పుడు డార్విను తానొక హత్య చేసినట్లే బాధపడెను. సాధ్యమైనంత నొప్పి లేకుండ ప్రాణము తీయు మార్గమేదని మిత్రులను అడిగి తెలిసికొనెను. మాంసమును కుళ్ళబెట్టి ఎముకలను వేఱుచేయునప్పటి దుర్గంధము భరింపరానిది. ఆయనకును, నమ్మిన సేవకుడు పార్స్‌లోకును కడుపులో త్రిప్పి వాంతి వచ్చెడిది. తుదకు ఆ పనిని దానియందు ఆఱితేరినవారికి అప్పగించెను. శస్త్రచికిత్స చూడలేక పరుగెత్తినవాడు, దెబ్బతిన్న పక్షిని మరువలేనివాడు ఈ కార్యమును ఏండ్లపాటు సాగించుట చిన్న విషయము కాదు. తన చేతులతో పెంచి, తన చేతులతోనే చంపుట న్యాయమా యని చదువరులు అడుగవచ్చును. ఆ ప్రశ్న ఆయనయు తన్నుతాను అడుగుకొనెను. జాతులయందు మక్కువ హెచ్చినకొలది వానిని చంపుటకు చేతులు రాకుండెనని ఆయనయే మిత్రులతో చెప్పుకొనెను. అయినను ఎముకలలోని నిజము మరియొక మార్గమున దొరకదు.

ఆ శ్రమకు తగిన ఫలితమే లభించెను. ముక్కు, పుఱ్ఱె, ప్రక్కటెముకలు, రొమ్ముటెముక, పాదములు అన్నియు జాతికొక రీతిగ నుండెను. ఇవియే అడవిలో దొరకినచో ఏ పండితుడైనను వానిని వేర్వేఱు జాతులుగనే లెక్కించియుండును. కాని అప్పుడే పుట్టిన పిల్లలలో ఆ భేదములు చాల స్వల్పముగ నుండెను. ఇన్ని రూపములును ఒకే మూలమునుండి వచ్చినవా? లేక ఒక్కొక్కదానికి ఒక్కొక్క అడవిపక్షి మూలపురుషుడా? పెంపకగాండ్రలో పలువురు రెండవ అభిప్రాయమునే నమ్మెడివారు.

డార్విను ఇట్లు పరీక్షించెను. మచ్చలేని తెల్లని ఫాన్‌టెయిలును, మచ్చలేని నల్లని బార్బును జతపఱచెను. పిల్లలు నలుపు, గోధుమ వన్నెల కలయికతో పుట్టెను. ఆ పిల్లలను మరల ఒకదానితో నొకటి జతపఱచెను. అప్పుడు పుట్టిన మనుమలలో నొకటి, తాతలలోగాని అవ్వలలోగాని ఎన్నడును లేని నీలవర్ణముతో, తెల్లని నడుముతో, ఱెక్కలపై రెండు నల్లని చారలతో, తోకపై నల్లని పట్టెతో అచ్చముగ అడవి కొండపావురమువలె కన్పడెను! ఎన్నియో తరముల క్రింద మఱుగుపడిన పూర్వీకుని వేషము మనుమనిపై మరల తేలెను. ఇట్టి గుణములు దాగియుండి తిరిగి బయటపడుటకు కారణమేమో డార్వినుకు తెలియదు; అది తరువాతి కాలమున జన్యుశాస్త్రము తేల్చినది. కాని పెంపుడు పావురములన్నియు ఒక్క కొండపావురము సంతతియే యని ఆయన చేసిన నిర్ణయము నిలిచెను. 2013 లో ప్రకటింపబడిన పావురముల జన్యుపరిశోధనయు దానినే బలపఱచెను.

ఈ కథలో తెలుగుదేశమునకును ఒక చిన్న భాగము కలదు. మద్రాసు రాజ్యమున ఉద్యోగి యగు వాల్టరు ఇలియట్ ఉత్తర సర్కారులకు కమిషనరుగ గుంటూరున చాలకాలముండెను. 1845 లో అమరావతి స్తూపమును త్రవ్వించి, శిల్పములను మద్రాసుకు తరలించినవాడు ఆయనయే. సర్కారులయందలి మొక్కలకు గల తెలుగు పేర్లను సేకరించి 1859 లో ఒక గ్రంథమును గూడ ప్రకటించెను. డార్విను 1855 లో గ్లాస్గో నగరమున జరిగిన పండితసభలో ఆయనను కలిసికొని, మరుసటి యేట భారతదేశపు పెంపుడు పావురముల చర్మములు పంపుడని లేఖ వ్రాసెను. ఇలియట్ మద్రాసునుండియు, బర్మానుండియు చర్మములను పంపుటయే కాక, 1770 లో మరణించిన యొక ముసల్మాను పండితుడు పావురములపై వ్రాసిన గ్రంథమునకు అనువాదమును గూడ సమకూర్చెను. మన దేశపు లోటన్ పావురము డార్వినుకు మిక్కిలి ఆశ్చర్యము గలిగించెను. దానిని మెల్లగ కదిపి నేలపై విడిచినచో, ఎవరైనను పట్టుకొని ఆపువఱకు పల్టీలు కొట్టుచునే యుండును. అక్బరు చక్రవర్తి వెంట ఇరువదివేల పావురములు తరలెడివనియు, జాతులను కలిపి ఆయన వానిని బాగుచేసెననియు ఆస్థాన చరిత్రకారుడు వ్రాసిన సంగతిని డార్విను తన గ్రంథములలో గౌరవముతో పేర్కొనెను. మన కొండపావురమునకు నడుము తెల్లగా కాక బూడిద వన్నెగ నుండుననియు గుర్తించెను. మీ యూరి గోపురముపై చూచినచో ఆ భేదము మీకును తెలియగలదు.

1856 ఏప్రిలులో లయెల్ డౌన్ గృహమునకు వచ్చి పావురములను చూచెను. అప్పుడే డార్విను ఆయనకు తన సిద్ధాంతమును వివరించెను. ఇక ఆలస్యము చేసినచో మరియొకరు ముందుగ ప్రకటింతురని లయెల్ హెచ్చరించెను. డార్విను పెద్ద గ్రంథమును ఆరంభించెను, కాని తొందరపడలేదు. 1858 జూనులో, మలయా ద్వీపములలో తిరుగుచుండిన ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ అను యువకుడు పంపిన వ్యాసము డార్వినుకు చేరెను. తాను ఇరువదియేండ్లుగ దాచిన భావమే అందుండెను. అదే సమయమున ఇంటిలో పిల్లలకు జ్వరములు. చిట్టచివరి బిడ్డ, ఏడాదిన్నర పసివాడు, జూన్ 28 న మరణించెను. తన గౌరవము పోయినను సరే, వాలెసుకు అన్యాయము జరుగరాదని డార్విను ఆ వ్యవహారమును మిత్రుల చేతిలో నుంచెను. ఇరువురి వ్రాతలను జూలై 1 న లండనులోని లిన్నేయస్ సంఘమున కలిపి చదివిరి. డార్విను ఆ సభకు పోలేదు. ఆ దినములలో ఆయన బిడ్డను సమాధి చేయుచుండెను.

ఆ యేడే పావురముల పెంపకము ముగిసెను. చేయవలసిన పరీక్షలు ముగిసినవి. గ్రంథము వ్రాయవలసి యున్నది. మిగిలిన పక్షులను విడిచిపెట్టక, వానిని సాకనెఱిగినవారికి ఇచ్చివేసెను. 1859 లో వ్రాతప్రతిని ప్రకాశకుడు ఒక పత్రికా సంపాదకునికి చూపగా, ఆయన చదివి, ఈ సిద్ధాంతమంతయు విడిచి పావురములను గూర్చి మాత్రమే ఒక చక్కని పుస్తకము వ్రాసినచో ఇంగ్లండున ప్రతివాడును కొనునని సలహా యిచ్చెనట! డార్విను ఆ సలహా వినలేదు. కాని మొదటి ప్రకరణములోనే పావురములకు పెద్దపీట వేసెను. 1859 నవంబరు 24 న గ్రంథము వెలువడెను. దానిపై చెలరేగిన వాదములు లోకప్రసిద్ధములు. పావురములను గూర్చిన సంగతులన్నింటిని 1868 లో ప్రకటించిన మరియొక గ్రంథమున రెండు ప్రకరణములలో ఆయన సవిస్తరముగ వ్రాసెను. నిలుకడగా సంతతి నిచ్చు పావురపు రకములు నూటయేబదికి పైగా కలవని అందు లెక్క చెప్పెను.

డార్విను 1882 ఏప్రిల్ 19 న డౌన్ గృహముననే మరణించెను. ఆయన దేహమును లండనులోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో, న్యూటను సమాధికి చేరువగ ఉంచిరి. పావురముల చర్మములను, ఎముకల గూళ్ళను ఆయన అంతకుముందే బ్రిటిష్ మ్యూజియమునకు దానము చేసియుండెను. అవి నేడు ట్రింగ్ పట్టణమునందలి ప్రదర్శనశాల సొరుగులలో భద్రముగ నున్నవి.